వర్తక గృహస్థుని స్మరించు విధము

వీరశైవుల ఇండ్లలో పెద్దవారు లింగైక్యులైన పిమ్మట శివగణారాధన జరుగుట ఆచారము. మఠమునుండి స్వాములు విచ్చేయుదురు. జంగమమూర్తులకు పాదపూజ జరుగును. బంధువులును, అంగడివీధిలోని ఇరుగుపొరుగువారును కూడి ప్రసాదము స్వీకరింతురు. అప్పుడు నలుగురు లేచి గతించిన పెద్దను గూర్చి మాటలాడుదురు. ఆయన ధర్మాత్ముడందురు, అజాతశత్రువందురు, వేయి పున్నములు చూచిన పుణ్యశాలి యందురు. ఈ మాటలు అబద్ధములని కాదు. కాని పేరు మార్చి చెప్పినచో అవి మరియొక యింటి పెద్దకును అట్లే సరిపోవును. ఎవరికైనను సరిపోవు స్తుతి ఎవరి స్మరణయు కాజాలదు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము వంటి చిన్న పట్టణములలో ఎనుబది, తొంబది యేండ్లు జీవించి, అంగడి నడపి, బిడ్డలను పెంచి, పెండ్లిండ్లు చేసి, లింగపూజ మానక గడపిన గృహస్థులు ప్రతి వీథిలోను ఉండిరి, నేటికిని ఉన్నారు. వారు మఠాధిపతులు కారు, కవులు కారు, పాలకులు కారు. వారి జీవితములు ఏ గ్రంథమునకును ఎక్కవు. అట్టివారిని యథార్థముగా స్మరించుట యెట్లు అనునది ఈ పాఠమున విచారింపబడుచున్నది. వర్తకుని జీవితము లెక్కలలో గడచినది గనుక అతని స్మరణయు లెక్కవలెనే యుండవలెను. తూకము, ఖాతా, పంక్తి, పంపకము అను నాలుగు పద్దులను విప్పి చూచినచో ఆ జీవితము తెలియును. ఆ పద్దులలో మిగిలిపోయిన బాకీని తీర్చుటయే బిడ్డలు చేయదగిన ఆరాధన.

1. తలిదండ్రుల పేర గల ఊళ్లు

ఈ సీమలో స్మరణ యనునది ఊరి పేరులోనే నిలిచియున్నది. హిందూపురమునకు ఆ పేరు మరాఠా నాయకుడైన మురారిరావు తండ్రి హిందూరావు పేర వచ్చినదని చెప్పుదురు. ధర్మవరమును కట్టించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర ఆ ఊరికి నామకరణము చేసెనని స్థలవృత్తాంతము. ఒక ఊరు తండ్రికి స్మారకము, ఒక ఊరు తల్లికి స్మారకము. ఈ రెంటి నడుమ నున్న పెనుకొండ రాజవైభవమునకు స్మారకము. 1565లో జరిగిన రక్కసి తంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు విజయనగర రాజధానిని ఈ కొండకోటకే మార్చెను.

రాజులకును నాయకులకును ఊరి పేర్లు, కోట గోడలు, శాసనములు మిగిలినవి. ఆ కోట నీడలో ఉప్పు, బెల్లము, చింతపండు అమ్మినవారి పేర్లు మిగులలేదు. వారిని తలచుకొను బాధ్యత చరిత్రకారులది కాదు. వారి వారి ఇండ్లది. ఇల్లు మరచినచో వారిని గుర్తుంచుకొనువారు మరి లేరు. కావుననే గణారాధననాటి నాలుగు మాటలు చాల విలువైనవి. వాటిని పొగడ్తలతో నింపి వృథా చేయరాదు.

2. మూడు ఊళ్ల వర్తకము

19వ శతాబ్ది చివరి దశకమున గుంతకల్లునుండి బెంగళూరునకు రైలుమార్గము పడెను. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడును ఆ దారిలోని స్టేషనులే. అంతవరకు ఎద్దుబండ్ల మీద సాగిన వర్తకము రైలు పెట్టెల మీదికి ఎక్కెను. వానలు తక్కువగు ఈ సీమలో పంటను నమ్ముకొన్న రైతునకు సంతయే ఆధారము. హిందూపురము బెల్లమునకు, చింతపండునకు, ఎండుమిరపకాయలకు పేరొందిన మండీ అయ్యెను. పట్టుపురుగుల పెంపకము వ్యాపించిన పిదప అక్కడి పట్టుగూళ్ల మార్కెటు రాష్ట్రములోని పెద్దవాటిలో ఒకటిగా ఎదిగెను. ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధి గాంచెను. పెనుకొండ చుట్టుపట్ల పల్లెల అవసరములు తీర్చు తాలూకా పట్టణముగా నిలిచెను. 2019నుండి దాని దాపున ఎర్రమంచి కడ కార్ల కర్మాగారము పనిచేయుచున్నది. 1882నుండి అనంతపురము జిల్లాలో నున్న ఈ మూడు ఊళ్లును 2022 ఏప్రిల్ 4నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి.

1930 ప్రాంతమున ఈ ఊళ్లలో పుట్టి తొంబది యేండ్లు జీవించిన వర్తకుడు ఎన్ని మార్పులు చూచియుండునో తలపోయవలెను. బాల్యమున అతడు మదరాసు రాజధానిలోని వాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. అణాలు పోయి నయా పైసలు వచ్చెను. వీశెలు పోయి కిలోలు వచ్చెను. 1957లో ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టము, 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చెను. 1978లోను, తిరిగి 2016లోను పెద్ద నోట్లు చెల్లకపోయెను. నాణెము మారెను, రాయి మారెను, చట్టము మారెను. మారకుండ నిలువవలసినది అతని మాట యొక్కటే. ఆ మాట నిలిచినదా యనునదే దీర్ఘజీవితమున పరీక్ష. ఎక్కువ యేండ్లు జీవించినవాడు ఎక్కువ పుణ్యాత్ముడని కాదు. ఎక్కువమారులు పరీక్షింపబడినవాడని అర్థము.

3. అంగడి సాధనకు అడ్డు కాదు

సంసారము, వ్యాపారము సాధనకు విఘ్నములని తలచువారు కలరు. శరణుల చరిత్రలు ఈ తలంపును అంగీకరింపవు. 12వ శతాబ్దిలో కల్యాణమున వెలసిన బసవేశ్వరుడు అడవికి పోయినవాడు కాడు. బిజ్జలుని కొలువులో ధనాగారమును నిర్వహించెను. గంగాంబికకును నీలాంబికకును భర్తయై, అక్క నాగమ్మకు తమ్ముడై, చెన్నబసవన్నకు మేనమామయై గృహస్థుగా జీవించెను. ఆయన చుట్టు చేరినవారును పనిపాటలవారే. చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య, కట్టెలమ్ము మారయ్య, పగ్గములు పేను చందయ్య తమ పనిని విడిచి శరణులు కాలేదు. ఆ పనిలోనే శరణులైరి. ఆయనకు పూర్వుడైన జేడర దాసిమయ్య మగ్గము మీద కూర్చుండియే శివుని కొలిచెను. సౌరాష్ట్రమునుండి పులిగెరెకు, అనగా నేటి లక్ష్మేశ్వరమునకు, వర్తకమునకై వచ్చిన ఆదయ్య శరణుల లెక్కలో చేరెను.

కాయకము, దాసోహము అను రెండు మాటలు ఇచట తెలియదగినవి. కాయకమనగా ఒడలు వంచి, మనసు పెట్టి, న్యాయముగా చేయు జీవనవృత్తి. దాసోహమనగా ఆ వృత్తివలన వచ్చినదానిని తనదిగా తలపక గురు లింగ జంగమములకును, ఆకొన్నవారికిని వినయముతో సమర్పించుట. కాయకము లేని దాసోహము పరుల సొమ్ముతో చేయు ఆడంబరము. దాసోహము లేని కాయకము ఉత్త సంపాదన. రెండును కలిసిననే వర్తకుని జీవితము శివయోగమగును.

సంపాదనకు మేర యెంత యను ప్రశ్నకు ఐదక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ సమాధానము. మారయ్య బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దినము గడుపుకొనెడివాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ దానిని వండుటకు ఒప్పుకొనక, అవసరమునకు మించినది ఆశయే గాని కాయకము కాదని చెప్పి తిరిగి పోసి రమ్మనెను. భర్త సంపాదనను తూచిన యిల్లాలు ఆమె. వర్తకుని ఇంటిలో అట్టి చేయి ఒకటి ఉండినదా, దాని మాట చెల్లినదా యనునది స్మరణలో చెప్పదగిన సంగతి. అంగడిని గూర్చి చెప్పునప్పుడు ఆయన పేరొక్కటే చెప్పి, వంటింటిలో నిలిచి ఆ ఆదాయమునకు మేర గీచిన యామెను విడుచుట అన్యాయము.

4. మొదటి పద్దు: తూకము

అరువదిమువ్వురు పురాతనులలో అమరనీతి యను వర్తకుడు కలడు. చోళదేశమున పళైయారైలో బంగారము, రత్నములు, వస్త్రములు అమ్మి జీవించుచు, శివభక్తులకు అన్నము పెట్టి కౌపీనములు దానము చేసెడివాడు. శివుడు బ్రహ్మచారి రూపమున వచ్చి ఒక కౌపీనమును అతనియొద్ద దాచుమని యిచ్చి స్నానమునకు పోయెను. తిరిగి వచ్చి అడుగునప్పటికి అది మాయమాయెను. దానికి బదులుగా తనయొద్ద మిగిలిన రెండవ కౌపీనముతో సమమగు గుడ్డ తూచి యిమ్మని బ్రహ్మచారి అడిగెను. అమరనీతి తక్కెడలో ఒక గుడ్డ వేసెను, చాలలేదు. అంగడిలోని బట్టలన్నియు వేసెను, చాలలేదు. ధనము, నగలు వేసెను, తక్కెడ కదలలేదు. కడపట తానును, ఇల్లాలును, కుమారుడును తట్టలోనికి ఎక్కిరి. అప్పుడు ముల్లు సరిగా నిలిచెను.

ఈ కథలో తెలియవలసినవి రెండు. ఒకరు దాచుమని యిచ్చినది గుడ్డపేలికయైనను దాని విలువను నిర్ణయించువాడు ఇచ్చినవాడే గాని పుచ్చుకొన్నవాడు కాడు. రెండవది, వర్తకుడు తట్టలో వేయునది సరుకు మాత్రమే కాదు. తనను, తన కుటుంబమును కూడ వేయుచున్నాడు. తూకములో చేసిన మోసము ఇంటిల్లిపాదిని తేలిక చేయును.

ఈ పరీక్ష పురాణకాలముతో ముగియలేదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు పోయి 100 నయా పైసలు వచ్చెను. నాలుగణాలకు 25 నయా పైసలు సరిగా వచ్చును. ఒక్క అణాకు మాత్రము ఆరుంబావు వచ్చును. పావు పైసకు నాణెము లేదు. ప్రభుత్వపు పట్టిక ప్రకారము అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 నయా పైసలు. అణా సరుకునకు 6 తీసికొన్న వర్తకునికి పదునారు బేరములలో 96 వచ్చును. రూపాయికి 4 నయా పైసలు నష్టము. 7 తీసికొన్నవానికి 112 వచ్చును. 12 నయా పైసలు అన్యాయార్జితము. అణా బేరము చేయువారు కూలివారు, పేదలు. ఆ దినములలో ఏ అంగడిలో 6, ఏ అంగడిలో 7 తీసికొనిరో ఆ వీథివారికి తెలిసియే యుండును.

1958నుండి మెట్రిక్ తూనికలు విడతలుగా అమలులోనికి వచ్చి 1962 ఏప్రిల్ నాటికి దేశమంతట నెలకొన్నవి. మదరాసు లెక్కలో వీశె రమారమి 1,400 గ్రాములు. వీశె వెల రూపాయి 40 నయా పైసలైనచో కిలో వెల సరిగా రూపాయి. కొత్త రాయికి పాత వెల చెప్పినవాడు, తెలియనివారినుండి న్యాయమైన వెలకంటె ఐదింట రెండు వంతులు ఎక్కువ పుచ్చుకొన్నట్లు. చింతపండులో తేమ, బెల్లములో మట్టి, రైతు తెచ్చిన బస్తాకు తరుగు అను పేర కోత, ఇవన్నియు తూకపు పద్దులోనివే. గతించిన పెద్ద అంగడిలో రైతు స్వయముగా తక్కెడ ముల్లు చూచుకొనగలిగెడివాడా యని అడిగి తెలిసికొనవలెను. అవునని రైతులే చెప్పినచో ఇతర స్తోత్రమేల?

5. రెండవ పద్దు: ఖాతా

పాతకాలపు అంగడిలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములుండెను. నాటి బేరము నాడే చిట్టాలో వ్రాయుదురు. పిమ్మట ఎవరి పద్దు వారి పేర ఆవర్జాలోనికి ఎక్కింతురు. ఈ పుస్తకములు ఆ వీథి కష్టసుఖముల చరిత్ర. ఏ ఇంట ప్రసవము జరిగినదో, ఎవరి పంట ఎండినదో, ఎవరి కుమారుడు చదువునకు పోయినాడో అరువు పద్దులు చెప్పును.

వర్తకుడు లింగైక్యుడైన పిదప కుమారులు ఆ పుస్తకములు తెరతురు. రావలసినది వారికి వెంటనే కనబడును. ఇయ్యవలసినది అంత త్వరగా కనబడదు. హమాలీకి నిలిచిన కూలి, గుమాస్తాకు చెప్పిన బహుమానము, విధవరాలు నమ్మకము మీద దాచుమని యిచ్చిన రూకలు పత్రములేని బాకీలు. చట్టములో సామాన్యమైన బాకీకి గడువు మూడేండ్లు. వ్రాతపూర్వకముగా ఒప్పుకొననిచో, కొంతయైనను చెల్లింపనిచో, అటుపై దావా చెల్లదు. దానినే కాలదోషమందురు. కాని కాలదోషము న్యాయస్థానపు తలుపును మూయునే గాని బాకీని తుడిచివేయదు. ఇయ్యవలసిన బాకీ విషయమున కాలదోషమును అడ్డుపెట్టుకొనుట శరణుల బిడ్డలకు తగదు. రావలసిన బాకీ విషయమున, నిజముగా చితికినవాని పద్దును ఆ దినమున కొట్టివేయుట ఉత్తమమైన ఆరాధన.

ధర్మవరమున ఈ పద్దు మరింత బరువైనది. అచట అనేకులు నేతగాండ్రు వర్తకునియొద్ద ముడిపట్టు, జరీ తీసికొని, చీర నేసి యిచ్చి మజూరీ పుచ్చుకొందురు. ముందుగా తీసికొన్న అప్పు మజూరీలో తెగును; తెగకముందే మరల అప్పు చేరును. పట్టు వెల పెరిగినప్పుడు, చీర అమ్ముడుపోనప్పుడు నష్టము మొదట మగ్గపు గుంతలో కూర్చున్నవానికే తగులును. అప్పుల భారము మోయలేక ప్రాణములు తీసికొన్న నేతగాండ్ర కుటుంబములు ఆ పట్టణమున కలవు. కావున అచటి పట్టు వర్తకుని గూర్చి చెప్పునప్పుడు ఎన్ని చీరలు అమ్మెనని గాక, ఆయనకు నేసినవారి మగ్గములు నిలిచినవా, కూలినవా యని చూడవలెను.

నులియ చందయ్య కథ దీనికి ఆదర్శము. ఆయన పగ్గమునకు బసవేశ్వరుడు వెలకు మించిన ధనమిచ్చినప్పుడు చందయ్య సంతోషింపలేదు. న్యాయమైన వెల మాత్రము నిలుపుకొని మిగిలినది తిరిగి పంపెనని భక్తుల చరిత్ర. తక్కువ యిచ్చినప్పుడు అడుగుట అందరు చేయుదురు. ఎక్కువ వచ్చినప్పుడు తిప్పి పంపుట కాయకము తెలిసినవారే చేయుదురు.

పరుల సొమ్మును చేతబట్టిన ఇరువురి వృత్తాంతములు కూడ ఇచట తలపదగినవి. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయమును విస్తరింపజేసిన విరూపణ్ణ, నంది లక్కిసెట్టి యను వర్తకుని కుమారుడు. అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529 – 1542 నడుమ, అధికారియై యుండెను. రాజధనమును అనుమతి లేక ఆలయమునకు వ్యయపరచెనను నింద రాగా, రాజు శిక్షింపకముందే తన కన్నులు తానే తీసి గోడకు కొట్టెనని జనశ్రుతి. అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమంటపము నేటికిని కానవచ్చును. బసవేశ్వరుని మీదను అట్టి నిందయే వచ్చినది. బిజ్జలుడు ధనాగారమును తనిఖీ చేయగా లెక్క సరిగా నున్నదని బసవపురాణము చెప్పును. నింద యెవరికైనను రావచ్చును. అప్పుడు వర్తకుని కాపాడునది తెరచియుంచిన లెక్క. దేవునికై ఖర్చుపెట్టినను అది తన కాయకపు సొమ్మైననే దాసోహమగును.

6. మూడవ పద్దు: పంక్తి

వర్తకుని ఇంట ఎవరెవరు కూర్చుండి భుజించిరి? ఈ ప్రశ్నకు సమాధానము మూడవ పద్దు. జంగములకు, బంధువులకు, ధనికులకు విస్తరి వేయుట సులభము. సంతకు వచ్చి బండి దొరకక నిలిచిపోయిన రైతు, చదువుకొనుటకు పల్లెనుండి వచ్చిన బీదపిల్లవాడు, మూట మోసిన హమాలీ ఆ పంక్తిలో కూర్చుండిరా యనునది ముఖ్యము. పంచసూతకములను తోసిపుచ్చిన సంప్రదాయమున జాతిసూతకమును తోసివేయుటయు ఒక భాగము. సూతకము లేదని నోట పలికి పంక్తిలో భేదము పాటించినచో ఆ పలుకు వ్యర్థము.

ఈ సీమకు కరువు కొత్త కాదు. 1876నుండి 1878వరకు వచ్చిన ధాత కరువు దత్తమండలములను పాడుచేసినది. కరువు వర్తకుని ముందు రెండు దారులు ఉంచును. ధాన్యము దాచి వెల పెరుగువరకు వేచియుండుట ఒకటి. ఉన్నంతలో న్యాయపు వెలకు అమ్మి, కొనలేనివానికి గంజి పోయుట మరియొకటి. కరువు ఏటి చిట్టాలు మిగిలియున్న ఇండ్లవారు వానిని తెరచి చూచినచో తమ పూర్వులు ఏ దారి నడచిరో తెలియును.

అంగడి సంపాదన ఎంతవరకు పంక్తిగా మారగలదో తెలుపుటకు ఈ రైలుదారి చివరననే ఒక నిదర్శనము కలదు. తుమకూరు సీమలోని గుబ్బిలో వీరశైవ కుటుంబమున 1838లో పుట్టిన తోటదప్ప బెంగళూరులో వర్తకము చేసి ధనము గడించెను. ఆయనకు బిడ్డలు లేరు. తన ఆర్జనతో బెంగళూరు రైల్వే స్టేషను దాపున యాత్రికులకు సత్రమును, విద్యార్థులకు నిలయమును నెలకొల్పెను. 1903లో అది ప్రారంభమాయెను. 1910లో ఆయన గతించెను. కన్నబిడ్డలు లేని ఆ వర్తకుని నీడలో తరతరముల పరులబిడ్డలు చదువుకొనిరి. చిన్న ఊరి వర్తకుడు అంత చేయలేడు. చేయవలెనను నియమమును లేదు. ఒక్క బీదపిల్లవానికి పదేండ్లు అన్నము పెట్టినను ఆ పద్దు ఇదే జాతికి చెందినది.

7. నాల్గవ పద్దు: పంపకము

వర్తకుని జీవితము అతని ఊపిరితో ముగియదు. ఆస్తి పంపకముతో ముగియును. బ్రదికియున్నప్పుడు ఒకే కుటుంబముగా నున్నవారు గణారాధన ముగిసిన నెలలోపల న్యాయస్థానమునకు పోవుట అరుదు కాదు. అట్లు జరిగినచో తొంబది యేండ్ల జీవితము ప్రజల నోట కొడుకుల తగాదాగా మిగులును.

ఇచట ఆడుబిడ్డల విషయము స్పష్టముగా తెలిసికొనవలెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తనకు లోబడువారిలో వీరశైవులను, లింగాయతులను పేరెత్తి చెప్పినది. తండ్రి వీలునామా వ్రాయక పోయినచో ఆయన స్వార్జితమున భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమభాగములు కలవు. పిత్రార్జితమగు ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కునిచ్చు సవరణను ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5నుండియే అమలుపరచెను. అది నాటికి పెండ్లికాని కుమార్తెలకు వర్తించెను. 2005లో కేంద్రము చేసిన సవరణ పెండ్లియైన కుమార్తెలకును వర్తించెను. 2005 నాటికి తండ్రి సజీవుడై యుండవలెనను నియమము లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చినది.

చట్టము చెప్పుటకు ఎనిమిది శతాబ్దులకు ముందే శరణులు ఆడుబిడ్డ మెడలో ఇష్టలింగము కట్టిరి. లింగధారణలో సమానురాలైనది పంపకములో పరాయిదెట్లగును? కట్నముగా ఇచ్చితిమి గదా యని చెప్పి, ఏడ్చుచున్న చెల్లెలిచేత ఆ పది దినములలోనే హక్కు విడుదల పత్రము మీద వ్రాలు చేయించుకొను ఇండ్లు కలవు. అది తండ్రిని స్మరించుట కాదు. ఆయన తక్కెడకు దొంగరాయి కట్టుట. వీలునామా స్పష్టముగా వ్రాసి, ఇల్లాలికి తలదాచుకొను చోటును, చేతిలో రొక్కమును ఏర్పరచి పోయిన వర్తకుడు తన కడపటి బేరమును సరిగా చేసినవాడు.

8. ఆరాధన దినమున చేయదగినవి

వీరశైవమున మరణము అశౌచము కాదు, లింగమున ఐక్యమగుట. కావున గణారాధన దుఃఖసభయు కాదు, బిరుదులిచ్చు సభయు కాదు. నాడు ఆచరింపదగిన క్రమము ఈ విధముగా నుండవచ్చును.

మొదట, గతించిన పెద్ద పుట్టిన ఊరు, చేసిన కాయకము, దీక్ష పొందిన మఠము, దాంపత్యము, బిడ్డలు అను వివరములు తేదీలతో చదువవలెను. పెద్దల జ్ఞాపకములు జారిపోకముందే వ్రాసి ఉంచుకొన్న ఇల్లు ధన్యము. పిమ్మట బంధువులు గాక ఒక రైతు, ఒక హమాలీ లేక గుమాస్తా, ఒక ఖాతాదారు మాటలాడుటకు అవకాశమీయవలెను. వారు చెప్పు ఒక్క సంగతి బంధువుల పది పొగడ్తలకంటె మేలు. తరువాత ఆయనకు ఎవరికైనను బాకీ యున్నచో ఇన్ని దినములలోపల వచ్చి చెప్పుడని జ్యేష్ఠుడు సభలో ప్రకటింపవలెను. ఏ బాకీలు కొట్టివేయబడినవో వారి పేర్లు చదువక, వారికి వేరుగా తెలుపవలెను; పేదవాని పేరు నలుగురిలో చదివినచో దాసోహము అవమానమగును.

ఆయన లోపములను కూడ దాచనక్కరలేదు. కోపి యైనచో కోపి యనవచ్చును. చదువునకు బిడ్డను పంపక అంగడిలో కూర్చుండబెట్టి పిదప పశ్చాత్తాపపడినచో అదియు చెప్పవచ్చును. లోపములతో కూడిన మనుష్యుడే మనుమలకు దారి చూపగలడు. లోపములేని విగ్రహమును చూచి మనుమలు నమస్కరింతురే గాని నేర్చుకొనరు.

మననము చేయదగిన ప్రశ్నలు

ఇంటిలో పెద్దలు, పిల్లలు కూర్చుండి ఈ క్రింది ప్రశ్నలను చర్చింపవలెను.

1. లక్కమ్మ తిప్పి పంపిన బియ్యమును నేటి అంగడి ఆదాయముతో పోల్చినచో, అవసరమునకు మేర ఎచట గీయవలెను?

2. అణాకు 6 తీసికొనుట, 7 తీసికొనుట వంటి చిన్న భేదములు నేటి బేరములలో ఏ రూపమున నున్నవి?

3. కాలదోషము పట్టిన బాకీని ఇయ్యవలసినవాడు ఏమి చేయవలెను? రావలసినవాడు ఏమి చేయవలెను?

4. ఇంటి ఆడుబిడ్డల వాటాను గూర్చి పెద్దలు బ్రదికియుండగనే మాటలాడుకొనుటకు అడ్డు ఏమి?

5. ఇంటిలో నున్న వృద్ధుని నేడే అడిగి వ్రాసికొనవలసిన సంగతులెవ్వి?

ఈ అయిదవ ప్రశ్నకు ఆలస్యము పనికిరాదు. అంగడి అరుగు మీద కూర్చుండి ఇష్టలింగార్చన ముగించుకొని దారిని చూచుచున్న వృద్ధుడు ప్రతి వీథిలోను ఇంకను ఉన్నాడు. మొదటి రైలు ప్రయాణము, చివరి అణా, కరువు ఏడు, పెట్టిన పంక్తి, తీర్చలేకపోయిన బాకీ ఆయన నోటనే యున్నవి. ఆయన ఆవర్జాను ఆయనయే చదివి వినిపించుచుండగా ప్రక్కన కూర్చుండి వ్రాసికొనువాడు నిజమైన వారసుడు.

శరణు శరణార్థి.